పాత వస్తువు - కొత్త నినాదం

'చక్రీయ ఆర్థిక వ్యవస్థ' అనే మాట ఈ మధ్య ప్రభుత్వ పత్రాల్లోనూ, సంపాదకీయాల్లోనూ తరచు వినిపిస్తోంది. తవ్వి తీయడం, తయారుచేయడం, వాడి పారవేయడం - ఇప్పటిదాకా నడిచిన ఈ దారిని మార్చి, వాడిన వస్తువు మరమ్మతై గాని, ముడిసరుకై గాని మళ్ళీ వాడకంలోకి తిరిగివచ్చేట్టు చేయాలన్నది దాని సారాంశం. ఈ ఆశయంతో ఎవరికీ పేచీ ఉండనక్కరలేదు. కాని ఈ ఆశయాన్ని మన రచయితలు ఏ దృష్టితో స్వీకరిస్తున్నారన్నది విమర్శ పరిశీలించవలసిన అంశం.

ఈ విషయం మీద వస్తున్న కవితల్లో, కథల్లో రెండు ధోరణులు ప్రధానంగా కనిపిస్తాయి. ఒకటి నింద. ప్లాస్టిక్ సంచీతో బజారుకు వెళ్ళిన గృహిణి అందులో దోషి. రెండోది స్మృతి. అమ్మమ్మగారి ఊళ్ళో ఏదీ వృథా అయ్యేది కాదన్న తలపోత అందులో కవిత్వం. రెండింటిలోనూ నిజాయితీ ఉంది. రెండూ చెబుతున్నది మాత్రం సగం సత్యమే.

నింద సంగతి ముందు చూద్దాం. బడిపిల్లల చేతుల్లో ఇవాళ ఎక్కువగా ఉన్నది సిరా నింపుకునే పెన్ను కాదు, రాసి పారేసే పెన్ను. రీఫిల్లు మార్చే వీలే లేకుండా తయారై వచ్చినదాన్ని పారేసినందుకు పిల్లవాణ్ణి తప్పుపట్టి ప్రయోజనమేమిటి? 1924లో పెద్ద బల్బు కంపెనీలు జెనీవాలో కూటమి కట్టి, బల్బు ఆయుష్షును వెయ్యి గంటలకు కుదించాయి. అంతకు మించి వెలిగే బల్బును చేసిన సభ్యసంస్థకు జరిమానా కూడా వేశాయి. త్వరగా చెడిపోయేట్టు, త్వరగా మోజు తీరేట్టు సరుకు తయారుచేసే అమెరికా పరిశ్రమల తీరును వాన్స్ పెకార్డ్ 1960లోనే 'ది వేస్ట్ మేకర్స్' అనే గ్రంథంలో బయటపెట్టాడు. పారవేయడం కొనేవాడికి పుట్టిన దురలవాటు కాదు, అమ్మేవాడి అవసరం నుంచి వచ్చిన పద్ధతి. ఈ మూలాన్ని వదిలి గృహిణిని దండించే కవిత నీతిబోధ దగ్గరే ఆగిపోతుంది.

ఇక స్మృతి. పాతచీర బొంతయ్యేది, గిన్నెకు కళాయి పడేది, పేడ పొలానికి పోయేది - అన్నీ నిజమే. కాని ఆ ఊళ్ళో అన్నిటికన్నా సంపూర్ణంగా తిరిగిన చక్రం ఏది? చచ్చిన గొడ్డును ఊరి నుంచి మోసుకుపోయి, తోలు ఒలిచి, పదునుచేసి, చెప్పుగా, డప్పుగా, మోటకు తోలుసంచిగా ఊరికే తిరిగి ఇచ్చిన పని. ఆ చక్రాన్ని తిప్పినవాణ్ణి ఊరు వెలి ఉంచింది. మానవ మలాన్ని చేతులతో ఎత్తించే పనిని చట్టం 1993లో ఒకసారి, 2013లో మరోసారి నిషేధించవలసి వచ్చింది. ఏదీ వృథా కాని ఊరు మనిషిని మాత్రం వృథా చేసింది.

జాషువా ఈ సంగతి 1941 నాటి 'గబ్బిలం'లోనే గ్రహించాడు. చెప్పులు కుట్టి బతికే తన కథానాయకుడికి దేశం మీద అప్పు లేదని, దేశమే అతని సేవకు రుణపడి ఉందని లెక్క తిరగరాశాడు. అల్పమని తోసేసిన చిన్న చిన్న వస్తువులకు కవిత్వంలో చోటు కల్పించడం శ్రీశ్రీ 'ఋక్కులు'తోనే జరిగింది. ఆ వస్తువును నిలబెట్టే చేతికి చోటు ఇవ్వడమే మిగిలిన పని.

దానికి దూరం పోనక్కరలేదు. విజయవాడలో మా పటమటను ఆనుకునే, 1960లలో ఏర్పడిన జవహర్ ఆటోనగర్ ఉంది. లారీకి బాడీ కట్టడం, అరిగిన ఇంజనుకు బోరింగు చేయడం, విరిగిన కమాన్ కట్ట మార్చడం, ఆయువు తీరిన బండిని ఊడదీసి పనికొచ్చే భాగాన్ని మరో బండికి ఎక్కించడం అక్కడి నిత్యకృత్యాలు. కొత్త నినాదం మన దాకా రాకముందే అక్కడ ఆ చక్రం తిరుగుతోంది. 2014లో వచ్చిన 'ఆటోనగర్ సూర్య' చిత్రం ఆ పేరును తెరకెక్కించింది. అయితే అందులో కథను నడిపేది మెకానిక్కుకూ దౌర్జన్యపరులకూ మధ్య పోరు. పని దానికి నేపథ్యం మాత్రమే.

అలాగని ఆటోనగరును ఆదర్శలోకంగా చిత్రిస్తే అది స్మృతిధోరణికి మరో రూపమవుతుంది. బ్యాటరీలోని సీసం, ఆమ్లం, కారిన నూనె, వెల్డింగు పొగ ముందుగా చేరేది పనివాడి ఒంట్లోకే. అందుకే చట్టం రావడం అవసరం. వాహనాల తుక్కు విధానం 2021లో వచ్చింది. కాలం తీరిన వాహనాలపై తయారీదారుకే బాధ్యత పెట్టిన నిబంధనలు 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. బాధ్యత తయారీదారు దాకా వెళ్ళడం మెచ్చదగిన మార్పు.

కాని ఇందులోనే ఒక మెలిక ఉంది. నమోదైన కేంద్రంలో బండిని తుక్కు చేయించి, ఆ ధ్రువపత్రం చూపి కొత్త బండి కొంటే రహదారి పన్నులో రాయితీకి ఏర్పాటుంది. పాత బండిని పొగ తగ్గించి మరో ఐదేళ్ళు నడిపించిన మెకానిక్కుకు ఏ ధ్రువపత్రమూ లేదు. తుక్కయితే కొత్తది అమ్ముడవుతుంది, మరమ్మతయితే అమ్ముడవదు. చక్రం ఒక్కటే అయినా అందులో ఏ మలుపుకు ప్రోత్సాహం దక్కుతోందో చూడాలి. కేంద్రం పెట్టే పెట్టుబడి లేని చిన్న షెడ్డువాడు తన నైపుణ్యంతో ఎక్కడికి పోవాలో ఎవరు చెబుతారు?

ఉత్పత్తిలో వచ్చే వ్యర్థాలను తిరిగి వాడుకోవడం గురించి మార్క్స్ 'పెట్టుబడి' మూడో సంపుటంలో ప్రత్యేకంగా చర్చించాడు. ఆయన దాన్ని చూసింది పెట్టుబడికి ఖర్చు తగ్గించే మార్గంగా. వ్యర్థం తిరిగివచ్చినంత మాత్రాన న్యాయం తిరిగిరాదని అక్కడే అర్థమవుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్ తదితర ప్రాంతాలను ముంచినప్పుడు మోటారు సైకిళ్ళు, ఫ్రిజ్‌లు, మిక్సీలు నీళ్ళలో నానిపోయాయి. కొత్తవి కొనలేని ఇంటికి ఆనాడు కావలసింది నినాదం కాదు, విప్పి బాగుచేయగల చేయి. ఆ చేయి ఊళ్ళో మిగలాలంటే దానికి కూలి, రక్షణ, విడిభాగాలు, గౌరవం కావాలి.

విమర్శలో వస్తువు అంటే ఇతివృత్తం, వాడుకలో వస్తువు అంటే సరుకు. ఈ రెండూ కలిసే చోట రచయిత వేయవలసిన ప్రశ్నలు మూడు. త్వరగా చెడేట్టు దీన్ని తయారుచేసింది ఎవరు? దీన్ని మళ్ళీ పనికొచ్చేట్టు చేసింది ఎవరు? ఆ శ్రమ ఫలితం ఎవరికి చేరుతోంది? పర్యావరణం పేరుతో రాసే మన కథా, కవితా ఈ ప్రశ్నలతో మొదలుకావాలి. పాత సామాన్ల బండి తోసేవాడూ, చిత్తు కాగితాలు ఏరే పిల్లా, షెడ్డులో గ్రీజు చేతుల కుర్రవాడూ జాలికి పాత్రలుగా కాదు, మన అప్పు వసూలు చేయవలసినవారుగా ఆ రచనల్లోకి రావాలి.