విద్యార్థి బృందగానము

విజయనగర సంగీతకళాశాల 1919లో వెలసినది. ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులు; 1936లో ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఆ పదవి నధిష్ఠించిరి. నాయుడుగారి చేతి ఫిడేలు పడమటి వాద్యమే! దానిని మనదిగాఁ జేసికొన్న మనము నూతనరచన కేల జంకవలెను? బాలమురళీకృష్ణగారు నాలుగేసి స్వరములతో మహతిని, లవంగిని కల్పించిరి గదా.

మల్కాపురమునుండి పనిగట్టుకొని పోయి విశ్వవిద్యాలయ విద్యార్థుల బృందగానము వినువానికి దక్కునదేమి? పదిమందియు నొకే కృతిని, ఒకే స్థాయిలో, తాళము తప్పక యప్పగింతురు. దోషము లేదు, ప్రాణమును లేదు. బృందమనఁగా గొంతుల లెక్క కాదు. ఒక గొంతు నిలిచినచోట వేఱొకటి కదలవలెను. వీణ యడిగినదానికి మృదంగము బదులు పలుకవలెను. అట్టి రచనను పిల్లలకు వ్రాసి యిచ్చు గురువులెందఱు? ఏఁటికొక్క క్రొత్తరచననైనఁ బాడింపుఁడు. మొదట నపస్వరములు దొరలినను మేము లేచిపోము.