రాగమే గీటురాయి

పాత రికార్డు ప్లేయరు మంచిదో కాదో తేల్చుకోవాలంటే దాని మీద ఘంటసాల పద్యం పెట్టి, చివర రాగం తీసే చోట చెవి పెట్టాలి. సినిమా పాటలో తబలా, వయొలిన్లు కలిసి యంత్రం లోపాన్ని కొంత కప్పేస్తాయి. పద్యంలో ఆ చాటు ఉండదు. గొంతు ఒకే స్వరం మీద నిలిచినప్పుడు రికార్డును తిప్పే పళ్లెం ఏమాత్రం తడబడినా రాగం వణుకుతుంది. వేగం ఆరు శాతం తగ్గితే శ్రుతి సుమారు అర స్వరం దిగిపోతుంది. పళ్లెం ఒకే వేగంతో తిరగాలి, మోటారు అదురు ముల్లు దాకా రాకూడదు. పళ్లేన్ని తిప్పడానికి ఇన్ని పద్ధతులు పుట్టింది ఈ రెండింటి కోసమే.

మొదటిది కీ ఇచ్చే గ్రామఫోను. మానుకోట, డోర్నకల్ మధ్య రైలు మార్గంలో ఉన్న మన గార్ల లాంటి ఊళ్లలో కరెంటు రాకముందు రికార్డు వినడానికి అదే దిక్కు. పిడి తిప్పితే డబ్బాలోని ఉక్కు స్ప్రింగు చుట్టుకుంటుంది, విచ్చుకుంటూ పళ్లేన్ని తిప్పుతుంది. విచ్చుకునే కొద్దీ దాని బలం తగ్గాలి కదా, మరి వేగం ఎలా నిలుస్తుంది? ఆ పని గవర్నరుది. సన్నటి ఉక్కు రేకులకు బిగించిన చిన్న గుండ్లు గిర్రున తిరుగుతుంటాయి. వేగం పెరిగితే అవి బయటికి విచ్చుకుని ఒక బిళ్లను మెత్త మీదికి లాగుతాయి, ఆ రాపిడే బ్రేకు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల 78 రికార్డు ఒక వైపు మూడు నిమిషాలు పాడుతుంది. దీని మీద ఎల్పీ మాత్రం పెట్టకూడదు. ముల్లును పట్టి ఉంచే సౌండ్‌బాక్సు బరువుకు గాడులు చెడిపోతాయి.

కరెంటు మోటారు వచ్చాక రబ్బరు చక్రం వచ్చింది. మోటారు ఇరుసుకూ పళ్లెం లోపలి అంచుకూ మధ్య ఇది ఒరుసుకుంటూ తిరుగుతుంది. 1954 నాటి గారార్డ్ 301 ఈ పద్ధతికి పేరుమోసిన యంత్రం. లాగే బలం ఎక్కువ కాబట్టి 78 రికార్డు మీద ముల్లు ఎంత ఒరిసినా పళ్లెం వేగం తగ్గదు. కానీ మోటారు అదురు కూడా ఆ చక్రం మీదుగానే వచ్చి గుర్రుమనే మోతగా వినిపిస్తుంది. స్విచ్చు వేసిన స్థితిలో ఏళ్ల తరబడి వదిలేస్తే రబ్బరు ఒక చోట నొక్కుకుపోయి, చక్రం తిరిగిన ప్రతిసారీ దబ్‌మంటుంది. కొనేముందు ఆ అంచును వేలితో తడిమి చూడాలి.

ఆ మోతకు విరుగుడు బెల్టు. 1957లో వచ్చిన థోరెన్స్ టీడీ 124లో బెల్టూ రబ్బరు చక్రమూ రెండూ ఉన్నాయి. 1961లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ తెచ్చిన ఏఆర్ టర్న్‌టేబుల్ బెల్టు పద్ధతిని సామాన్యుల ఇళ్లకు చేర్చింది. బెల్టు అదురును మింగేస్తుంది, ఎల్పీకి హాయి. అయితే పళ్లెం నెమ్మదిగా ఊపందుకుంటుంది, మన ఎండలకు బెల్టు సాగి జారుతుంది.

1970లో టెక్నిక్స్ ఎస్‌పీ-10 ఈ రెండింటినీ తీసేసి మోటారు ఇరుసు మీదే పళ్లేన్ని కూర్చోబెట్టింది. దీన్నే డైరెక్ట్ డ్రైవు అంటారు. మోటారే నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. వేగం చూసుకునేది ఎలక్ట్రానిక్ సర్క్యూటు. వోల్టేజి కాస్త అటూఇటూ అయినా చలించదు. సర్క్యూటు కాలిపోతే మాత్రం పాత విడిభాగాలు దొరకడం కష్టం.

అమెరికా నుంచి బంధువులు పంపే పాత బెల్టు ప్లేయర్లతో ఇంకో చిక్కుంది. ట్రాన్స్‌ఫార్మరు 230 వోల్టులను 110 చేస్తుంది గానీ మన 50 హెర్ట్జ్‌ను అక్కడి 60 చేయలేదు. చాలా పాత ప్లేయర్లలో మోటారు వేగం ఆ హెర్ట్జ్‌నే అంటిపెట్టుకుని ఉంటుంది. పాట ఆరోవంతు మందగించి, శ్రుతి మూడు అర స్వరాలు దిగుతుంది. 50 హెర్ట్జ్ కప్పీ మారిస్తే సరిపోతుంది.

వేగం కొలవడానికి గీతల కాగితం బిళ్ల చాలు. చోకు ఉన్న పాత ట్యూబులైటు సెకనుకు వందసార్లు మిణుకుతుంది. దాని కింద 33⅓కు 180 గీతలు, 78కి 77 గీతలు కదలకుండా నిలిస్తే వేగం సరిగ్గా ఉన్నట్టు. గీతలు ముందుకు జరిగితే వేగం ఎక్కువ, వెనక్కి జరిగితే తక్కువ.

నాటక పద్యాల 78 రికార్డులు ఎక్కువున్న ఇంట్లో రబ్బరు చక్రం, ఎల్పీలున్న ఇంట్లో బెల్టు, తీరిక లేనివారికి డైరెక్ట్ డ్రైవు అన్నది నా సలహా. ఏది కొన్నా రికార్డును కంప్యూటరులోకి ఎక్కించేముందు వేగం చూడండి. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి రంగస్థల గాయకుల గొంతు మనకు మిగిలింది ఈ లక్క రికార్డుల్లోనే. ఈరోజు తప్పు వేగంతో ఎక్కిస్తే రేపు ఆ తప్పు శ్రుతే ఆయన శ్రుతిగా నిలిచిపోతుంది. ఆ రికార్డు అరిగిపోయాక సరిదిద్దేవారు ఉండరు.