మాతృక కాగితంలోనా, గళంలోనా? రిథమ్ అండ్ బ్లూస్ మూల ధ్వనిముద్రణలు, కవర్ గానాలు

ప్రవేశిక

అనువాద విమర్శలో మాతృక ఏది అన్న ప్రశ్న సాధారణంగా తలెత్తదు. మూలగ్రంథం ఎదుటే ఉంటుంది. అనువాదం దానికి ఎంత దగ్గరగా నడిచింది, ఎక్కడ ఎడమైంది అన్నదే చర్చ. ధ్వనిముద్రిత సంగీతానికి ఈ నిశ్చింత లేదు. పాటకు కాగితం మీద సాహిత్యం, బాణీ ఉంటాయి. మొదట పాడిన గొంతు, వెనుక వాయించినవారి చేతులు, వారందరి మధ్య కుదిరిన లయ రికార్డులో ఉంటాయి. మరొకరు అదే పాటను పాడినప్పుడు వారి ముందున్న మాతృక కాగితమా, రికార్డా? అమెరికా నల్లజాతి గాయకుల రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులను, వాటి తరువాతి కవర్ గానాలను పోల్చే విమర్శ చాలావరకు ఈ ప్రశ్న వేసుకోకుండానే తీర్పులోకి దిగుతుంది. మూలం స్వచ్ఛం, కవర్ చౌర్యం అన్నది ఒక తీర్పు. ఎవరు పాడినా పాట పాటే అన్నది మరొకటి. రెండూ రికార్డును శ్రద్ధగా వినే పనిని తప్పించుకునే మార్గాలేనని ఈ వ్యాసం భావిస్తుంది.

‘కవర్’ అన్నది మొదట వ్యాపార పరిభాష. ఒక కంపెనీ రికార్డు అమ్ముడవుతున్న జాడ కనబడగానే మరొక కంపెనీ అదే పాటను తన గాయకులతో పాడించి హడావిడిగా విడుదల చేసేది. ‘రిథమ్ అండ్ బ్లూస్’ కూడా అంగడి పెట్టిన పేరే. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక ‘రేస్ రికార్డ్స్’ అన్న శీర్షికను తీసివేసి, ఆ స్థానంలో దీనిని ప్రవేశపెట్టింది. పేరు మారినా నల్లజాతి శ్రోతల జాబితా, ‘పాప్’ జాబితా వేర్వేరుగానే కొనసాగాయి. 1950లలో కవర్ ఆ గోడ మీదుగా పాటను దాటించింది. పాడినవారిని తరచు ఇవతలే వదిలేసింది. అయితే కవర్లన్నీ ఈ దిశలోనే సాగలేదు. వినోనీ హ్యారిస్ తోటి నల్లజాతి గాయకుడైన రాయ్ బ్రౌన్ పాటను పాడారు, హ్యాంక్ పెన్నీ కంట్రీ పాటనూ పాడారు. కనుక కవర్ అన్న మాట విన్నంతనే నేరం రుజువైనట్లు కాదు.

హౌండ్ డాగ్: వ్యంగ్యం నుంచి వాచ్యానికి

1952 ఆగస్టు 13న లాస్ ఏంజెలెస్‌లో బిగ్ మామా థార్న్‌టన్ ‘హౌండ్ డాగ్’ పాడారు. రచయితలు జెర్రీ లైబర్, మైక్ స్టోలర్ అప్పటికి 19 ఏళ్ల శ్వేతజాతి యూదు యువకులు. పీకాక్ సంస్థ 1953లో విడుదల చేసిన ఈ రికార్డు రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో 7 వారాలు ప్రథమస్థానంలో నిలిచింది. నల్లవారి పాటను తెల్లవారు అపహరించారన్న ప్రసిద్ధ వాక్యం ఇక్కడ మొదటి అడుగులోనే తడబడుతుంది. కాగితం ఆ యువకులది, గళం ఆమెది.

ఆ గళం ఏమి చేస్తున్నదో వినాలి. రికార్డులో బాకాల హంగు లేదు. గిటార్, బేస్, డ్రమ్స్, చప్పట్లు, అంతే. నడక నింపాదిగా, లాటిన్ అమెరికా నృత్యాల ఊపును గుర్తుకు తెస్తూ సాగుతుంది. పీట్ లూయిస్ గిటార్ ఆమె పాదాలకు బదులు పలుకుతుంది. ఆమె మధ్యలో ఆ గిటార్‌ను ఉసిగొల్పుతారు, హేళన చేస్తారు. చివరికి బృందం యావత్తూ ఊళలు వేస్తూ, మొరుగుతూ పాటను ముగిస్తుంది. తన కష్టం మీద బతకజూసే మగవాడిని గుమ్మంలోనే నిలబెట్టి పొమ్మంటున్న స్త్రీ ఆమె. కుక్క అన్నది ఆ మగవాడికి పెట్టిన పేరు. ఈ గరుకుదనం, ఈ అరుపులు ఎవరి సృష్టి అన్న విషయంలో సాక్ష్యాలు కలవవు. అవి తనవేనని థార్న్‌టన్ చెప్పుకున్నారు. ఎలా పాడాలో తామే చూపించామని రచయితలు చెప్పారు. వాదం ఎటు తేలినా ఒక అంశంపై ఇరుపక్షాలూ ఏకీభవించినట్లే: పాటకు ప్రాణమైనది కాగితం మీద లేదు.

ఎల్విస్ ప్రెస్లీ 1956 జూలై 2న న్యూయార్క్‌లో ఇదే పాటను 31 టేకులలో ముద్రించారు. ఆయన ప్రధానంగా అనుసరించినది థార్న్‌టన్ రికార్డును కాదు. లాస్ వేగాస్‌లో ఫ్రెడ్డీ బెల్ అండ్ ది బెల్‌బాయ్స్ అనే బృందం పాడుతుండగా విన్న రూపాన్ని ఆయన తీసుకున్నారు. ఆ బృందం 1955లో రికార్డు చేసిన పాఠంలో స్త్రీ దెప్పిపొడుపులు తొలగి, కుందేలును పట్టలేని కుక్క వచ్చి చేరింది. ప్రెస్లీది కవర్‌కు కవర్. ధ్వనిముద్రణకు ముందురోజు స్టీవ్ అలెన్ టెలివిజన్ కార్యక్రమంలో ఆయనచేత నిజమైన కుక్కను ఎదురుగా నిలిపి ఈ పాటను పాడించారు. మన అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే వ్యంగ్యం తొలగి వాచ్యం మిగిలిన ఘట్టమది. ఇంత సూటి ఉదాహరణ సాహిత్యంలోనూ అరుదే.

అయినా ఆ రికార్డును తీసిపారేయలేము. డీ.జే. ఫాంటానా డ్రమ్స్ మీద చరణాల మధ్య పేల్చిన వరుస దరువులు, స్కాటీ మూర్ గిటార్ మోటుదనం కొత్తవి. అర్థం ఖాళీ అయిన చోటును వేగం నింపింది. ఎవరి మీదో తెలియని కోపమైనా కోపంగానే వినబడుతుంది. థార్న్‌టన్‌లో ఒక పాత్ర ఉంది, ఒక సన్నివేశం ఉంది. ప్రెస్లీలో ఉన్నది ఊపు మాత్రమే. నా దృష్టిలో మొదటిది గొప్ప రికార్డు, రెండవది మంచి రికార్డు. పరిమాణంలోనే కాక జాతిలోనూ అవి వేరు.

చట్టానికి వినబడనిది

పాట్ బూన్ పాడిన ‘టుట్టీ ఫ్రుట్టీ’ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. లిటిల్ రిచర్డ్ కేకలను మర్యాదగా ఉచ్చరించిన ఆ రికార్డు పాప్ జాబితాలో మూలాన్ని మించిపోయింది. వినేవారికి తేడా తేటతెల్లమే. చిక్కు ప్రశ్న లావర్న్ బేకర్‌ది. అట్లాంటిక్ సంస్థకు ఆమె పాడిన ‘ట్వీడిల్ డీ’ని మెర్క్యురీ సంస్థ గాయని జార్జియా గిబ్స్ 1955లో పాడారు. ఇక్కడ బాణీతోపాటు వాయిద్యాల అమరిక, విరుపులు, గొంతు ఒడుపు కూడా అనుకరణే. గిబ్స్ రికార్డు పాప్ జాబితాలో 2వ స్థానానికి చేరింది. బేకర్‌ది 14 దగ్గర ఆగింది. 1909 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఒకసారి ముద్రితమైన పాటను ఎవరైనా, రికార్డుకు 2 సెంట్లు హక్కుదారుకు చెల్లించి, తిరిగి ముద్రించవచ్చు. గాయనికి అందులో వాటా లేదు. బేకర్ మిషిగన్ ప్రతినిధి చార్ల్స్ డిగ్స్‌కు లేఖ రాసి చట్టాన్ని సవరించాలని కోరారు. సవరణ రాలేదు.

ఆ చట్టానికి బాణీ బాగానే వినబడుతుంది. ‘హౌండ్ డాగ్’కు జవాబుగా సన్ సంస్థ 1953లో రూఫస్ థామస్‌తో ‘బేర్ క్యాట్’ పాడించినప్పుడు, పీకాక్ యజమాని డాన్ రోబీ దావా వేసి గెలిచారు. అదే బాణీకి కొత్త మాటలు కట్టడం తప్పయింది. గళాన్ని, నడకను, అమరికను యథాతథంగా దించుకోవడం మాత్రం తప్పు కాలేదు. రిథమ్ అండ్ బ్లూస్ కళాకారుల సృజన అత్యధికంగా ఉన్నది ఈ రెండవ దానిలోనే. 1972 ఫిబ్రవరి 15 నుంచి ధ్వనిముద్రణలకు ఫెడరల్ రక్షణ లభించినా, అది రికార్డును నకలు తీయడాన్ని నిరోధించింది; గళాన్ని అనుకరించి కొత్తగా పాడటాన్ని కాదు.

కర్ణాటక సంగీతంలోని ‘పాఠాంతరం’ అన్న భావన ఇక్కడ అక్కరకు రాదా అని తెలుగు పరిశోధకునికి తోచవచ్చు. కృతి ఒకటే అయినా పాఠం ఏ గురుపరంపరదో చెప్పుకోవడం అక్కడి సంప్రదాయం. గిబ్స్ రికార్డుకు లోపించినది ఆ చెప్పుకోవడమే. కనుక పోలిక తేడాను చూపడానికి పనికివస్తుంది, దానిని కప్పిపుచ్చడానికి కాదు.

రెస్పెక్ట్: మారినది ఎవరు?

ఓటిస్ రెడ్డింగ్ 1965లో తానే రాసి పాడిన ‘రెస్పెక్ట్’లో కష్టపడి ఇల్లు చేరిన మగవాడు భార్యను మన్నన అడుగుతాడు. ఆరీతా ఫ్రాంక్లిన్ 1967 ఫిబ్రవరి 14న అదే పాటను స్త్రీ పక్షాన పాడారు. మార్పు సర్వనామాలతో ఆగలేదు. శీర్షికలోని పదాన్ని అక్షరం అక్షరంగా విడదీసి పలకడం, చెల్లెలు కెరోలిన్, అక్క అర్మా వెనుక నుంచి బృందగానంతో వత్తాసు పలకడం మూలంలో లేవు. కింగ్ కర్టిస్ శాక్సఫోన్ వినిపించే మధ్యభాగం కూడా మూలంలో లేదు. దాని స్వరసంపుటులు శామ్ అండ్ డేవ్ పాడిన మరొక పాట నుంచి తెచ్చుకున్నవి. రెడ్డింగ్ పాటలోని మగవాడు బతిమాలుతున్నాడు. ఈమె షరతు విధిస్తున్నది. వెనుక ఇద్దరు స్త్రీల గొంతులు చేరడంతో ఆ షరతు ఒక ఇంటిది కాకుండా పోయింది. ఆ ఏడాది జూన్‌లో మాంటెరీ వేదికపై రెడ్డింగే ఈ పాటను ఒక అమ్మాయి తన నుంచి తీసుకుపోయిందని చమత్కరించారు.

గిబ్స్ తీసుకున్నదీ, ఆరీతా సృష్టించినదీ ఒకే జాతి వస్తువు: గళం, లయ, అమరిక. ఒకచోట దానిని దించుకోవడం జరిగింది, మరొకచోట కొత్తగా పుట్టించడం. బేకర్ కోరిన రక్షణను కఠినంగా అమలుచేసి ఉంటే ఆ శాక్సఫోన్ భాగం మీదనే వివాదం తలెత్తే అవకాశం ఉండేదని ఎవరైనా ఆక్షేపించవచ్చు. ఆక్షేపణ బలమైనదే. కానీ ఎరువు తెచ్చిన స్వరసంపుటిని వేరొక పాటలో, వేరొక పనికి వాడటానికీ, మొత్తం రికార్డును నమూనాగా పెట్టుకుని గీత గీతా దిద్దటానికీ మధ్య తేడాను చెవి గుర్తించగలదు. చట్టం గుర్తించలేకపోయినంత మాత్రాన విమర్శ కూడా గుర్తించనక్కరలేదని కాదు. బేకర్ ఫిర్యాదు న్యాయమైనదని నేను భావించడానికి ఆధారం ఆ రెండు రికార్డులను వరుసగా వినడమే.

అమెరికా రేడియోలో ఆరీతా ‘రెస్పెక్ట్’ ప్రసారమైనప్పుడు రచయిత హక్కు కింద ప్రతిఫలం రెడ్డింగ్ పక్షానికి చేరేది. పాడినందుకు ఆమెకు చేరవలసినదంటూ ఆ ప్రసారాలలో ఏమీ లేదు.