రజాకార్ అన్న తీర్పు

ఉర్దూలో రజాకార్ అంటే స్వచ్ఛందంగా పనికి ముందుకొచ్చినవాడు. కరీంనగర్‌లో మేం చదువుకున్న రోజుల్లో మాత్రం కబడ్డీలో తగువొస్తే మా మీదికి విసిరే రాయి అది. 1948లో మా అబ్బాజాన్ పాలు తాగే పిల్లవాడు.

నీతి సమాజం నుంచే పుడుతుందన్నాడు ఎమిల్ దుర్ఖైమ్. సరే, సమాజంలో ఎవరి నుంచి? తనను మనిషిగా కాక సమస్యగా చూసే లోకంలో బతకడం ఎట్లుంటుందో అమెరికా నల్లజాతి రచయిత డుబోయిస్ 1903లోనే రాశాడు. అది చదివినప్పుడు మాకు మా కబడ్డీ బరే గుర్తొచ్చింది.

రజాకార్ల ఘోరాలను మేం దాచడం లేదు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో లేచిన శవాలకు ఏ సాకూ చెల్లదు. అదే నెలలో వాళ్లు హైదరాబాద్‌లో చంపిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముస్లిమే, మా వృత్తివాడే. మరి రజాకార్లతో చేయి కలిపిన దేశ్‌ముఖుల మాటేమిటి? ఏ దొరబిడ్డనూ బడిలో ఆ పేరుతో పిలవలేదే! దొర తప్పు దొరతోనే పోయింది. ఖాసిం రజ్వీ తప్పు మాత్రం కోరుట్లలో పరుపులు కుట్టే ఇంటికీ, నిర్మల్‌లో పంక్చర్లు వేసే ఇంటికీ వారసత్వంగా వచ్చింది. ఆయన 1957లో జైలు నుంచి విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. మేం ఇక్కడే ఉన్నాం.

పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని పండిట్ సుందర్‌లాల్ బృందం అంచనా కట్టింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. 2024లో 'రజాకార్' సినిమా వచ్చింది, నిశ్శబ్ద నరమేధం అని ఉపశీర్షికతో. నిశ్శబ్దం అన్న మాట సుందర్‌లాల్ నివేదికకే ఎక్కువ నప్పుతుంది. ఆ చావుల నుంచి తెలుగులో ఒక్క తిట్టు పుట్టలేదు. అధికారం ఎవరిదో తెలియాలంటే ఏ నేరం తిట్టయిందో, ఏది కాలేదో చూస్తే చాలు. భైంసా పక్క వాటోలిలో 2008 అక్టోబరులో ఒకే ముస్లిం కుటుంబంలో ఆరుగురు సజీవదహనమయ్యారు. ఆ పేరు చెప్పి ఏ బడిలోనూ ఏ పిల్లవాణ్నీ ఏడిపించలేదు. ఏడిపించకూడదు కూడా.

మా వైపు మాట కూడా ఒకటుంది. దూదేకులాయనకు ఉర్దూ సరిగా రాదని మసీదు మెట్ల మీద నవ్విన వాళ్లలో మేమూ ఉన్నాం. ఆయనకు పిల్లనివ్వడానికి జంకే సయ్యద్‌లు, పఠాన్‌లు ఇప్పటికీ మా మొహల్లాలోనే ఉన్నారు. బయట బడిలో అతని కొడుకును రజాకార్ అన్నప్పుడు మాత్రం అతన్ని మావాడే అంటాం.