ఇచ్చినవాడి పేరు లేని ఉంగరం

శకుంతల వేలి నుంచి ఉంగరం ఎందుకు జారింది? దుర్వాసుడి శాపం అంటుంది కథ. శచీతీర్థంలో నీటికి మొక్కుతుండగా జారిపోయింది, చేప మింగింది, జాలరికి దొరికింది. నాటకానికి ఆ కారణం చాలు. కంసాలి పని దగ్గర కాసేపు కూర్చుని చూసినవాళ్ళకు మాత్రం ఇంకో సంగతి తడుతుంది. అసలది శకుంతల కొలతకు చేసిన ఉంగరం కాదు. మొదటి అంకంలో, మొక్కలకు నీళ్ళు పోసే బాకీ కింద జమ కట్టుకోమని దుష్యంతుడు తన ఉంగరం తీసి ఇవ్వబోతాడు. దాని మీద చెక్కిన పేరు చదివి సఖులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వింటినారి లాగే రాజు చేతి ఉంగరం అది. ఆశ్రమంలో పెరిగిన పిల్ల వేలికి వదులు కాక ఏమవుతుంది? వెళ్తూ వెళ్తూ అతను చెప్పిన మాట కూడా తన పేరు గురించే: రోజుకో అక్షరం లెక్కపెట్టుకో, అక్షరాలు అయిపోయేలోగా మనుషులు వచ్చి నిన్ను తీసుకెళ్తారు.

సుందరకాండలో హనుమ తెచ్చిన ఉంగరం మీదా రాముడి పేరే ఉంది. దాన్ని చేతిలోకి తీసుకోగానే సీతకు భర్తే ఎదురుగా వచ్చినంత సంతోషం కలిగింది. మన మనసుల్లో నిలిచిపోయిన రెండు ఉంగరాలూ ఇలా ఇచ్చినవాడి ఆనవాళ్ళే. పుచ్చుకున్న స్త్రీ వాటిలో తన భర్తను చూసుకోగలదు. తనను తాను చూసుకోవడానికి వాటిలో ఏమీ లేదు.

ఈ మధ్య నేను చూసిన ఉంగరం అలాంటిది కాదు. అందులో ఇచ్చినవాడి పేరు లేదు, పొడి అక్షరం కూడా లేదు. ఉన్నదంతా పుచ్చుకున్న అమ్మాయే. అది తయారవుతున్నంతసేపూ పక్కన ఉండే అదృష్టం నాకు కలిగింది. దాని అందం గురించి చెప్పకుండా ఉండలేను.

అబ్బాయి మా పిన్ని కొడుకు, హైదరాబాదులో ఉద్యోగం. అమ్మాయిది విజయనగరం, అక్కడి సంగీత కళాశాలలోనే వీణ నేర్చుకుంది. సంబంధం కుదిరింది, ముహూర్తం పెట్టారు, ఫంక్షన్ హాలు మాట్లాడారు, భోజనాల్లో పనసపొట్టు కూర ఉండాలన్నది కూడా తేలిపోయింది. ఇంక రహస్యానికి మిగిలిందేమిటి? సినిమాల్లోలాగా మోకాలి మీద కూర్చుని ‘నన్ను పెళ్ళి చేసుకుంటావా’ అని అడిగే సందర్భం మన ఇళ్ళలో తక్కువ. ఆ జవాబు ఎప్పుడో వచ్చేసి ఉంటుంది. ప్రధానపు ఉంగరమైతే మామూలుగా పెద్దవాళ్ళు అమ్మాయిని షాపుకు తీసుకెళ్ళి, నాలుగు పెట్టి చూసి, ఒకటి తూయిస్తారు. కాబట్టి మనవైపు చాటుగా ఉంగరం చేయించేవాడు ఆమెను ఆశ్చర్యపరచాలంటే ఒక్కటే దారి. ‘ఇది నీకెలా తెలిసింది?’ అని ఆమె అడగాలి.

అద్భుత రసానికి స్థాయీభావం విస్మయం. నాటకం కొలిక్కి వచ్చే నిర్వహణ సంధిలో అద్భుతం ఉండాలని భరతుడు నియమం పెట్టాడు. శృంగారం పండిన జంటకు చివర్లో విస్మయంతో పనేమిటని నేను చాలాకాలం అనుకునేదాన్ని. ఎదుటి మనిషి మనకు బాగా తెలుసనే అనుకుంటాం. అతను మనను ఎంత చూశాడన్నది మాత్రం ఎప్పటికీ పూర్తిగా తెలియదు. అది హఠాత్తుగా బయటపడిన క్షణంలో పుట్టే విస్మయం శృంగారానికి పరాయిది కాదు, దాని లోపలిదే. చేయించిన ఉంగరానికీ కొన్న ఉంగరానికీ రసంలో తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది.

కొలత సంపాదించే బాధ్యత అమ్మాయి చెల్లెలి మీద పడింది. “నిద్రపోతుంటే దారం చుట్టడం నా వల్ల కాదు బావా, అక్క చీమ పాకినా లేస్తుంది” అని చెప్పి, బీరువాలో పాత పౌడరు డబ్బాలో ఉన్న ఉంగరం ఒకటి పట్టుకొచ్చింది. కాలేజీ రోజుల్లో అక్క కుడిచేతి ఉంగరపు వేలికే పెట్టుకునేదట. కంసాలి ఆచారిగారు దాన్ని గీతలున్న కొలత కడ్డీకి తొడిగి, ఆగిన చోట బొటనవేలి గోరు ఆనించి, కళ్ళద్దాల పైనుంచి మావాడి వంక చూశారు.

“ఇది సన్నం ఉంగరం బాబూ. మీరు వెడల్పు కట్టు అడుగుతున్నారు. ఒక పిసరు వదులు ఉంచాలి. ఆ అమ్మాయి వేలి కణుపు లావా?”

నేనైతే తడుముకునేదాన్ని. మావాడు తడుముకోలేదు. కణుపు కొంచెం ముందుకు ఉంటుందని, సాధన ఎక్కువ చేసిన సాయంత్రాలు వేళ్ళు కాస్త ఉబ్బుతాయని, ఉన్న ఒక్క ఉంగరం మానేసింది అందుకేనని చెప్పాడు. పొద్దున చలికి, సాయంత్రం ఉక్కకు వేలి చుట్టుకొలత మారుతుంది. కణుపు దాటాలి, దాటాక తిరగకూడదు. శకుంతల విషయంలో ఎవరూ అడగని ప్రశ్న ఒక కంసాలి అడిగాడు. జవాబు చెప్పగలిగినవాడు ఎదురుగా ఉన్నాడు. అందం అప్పుడే మొదలైంది.

రూపం గురించి అందరూ సలహాలిచ్చారు. చిన్న వీణ బొమ్మ పెట్టించమన్నవాళ్ళే ఎక్కువ. వీణ ఒళ్ళో పెట్టుకునే పిల్లకు వేలి మీద వీణ బొమ్మ ఎందుకు? అది ఆమె గురించి ఇతరులకు చెప్పే బోర్డు అవుతుంది. మావాడు దాని జోలికి పోనందుకు నాకు ఎంతో తృప్తి కలిగింది. ఎత్తుగా నిలబెట్టిన ఒంటి వజ్రం పెట్టమన్నారు ఇంకొందరు. ఆ అందాన్ని నేను తక్కువ చెయ్యను. ఆరు గోళ్ళతో రాయిని కట్టు మీద పైకెత్తి పట్టే పద్ధతిని టిఫనీ వాళ్ళు 1886లో తెచ్చారు, చుట్టూరా వెలుతురు జొరబడాలని. 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ ఏ ముఖం ఏ కోణంలో చెక్కితే లోపలికి వెళ్ళిన వెలుగు తిరిగి పైకే వస్తుందో లెక్కగట్టాడు. 57 ముఖాలు, అడుగు మొన కూడా చెక్కితే 58. పైగా వజ్రం మన మట్టిలోనిది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో తవ్విన రాళ్ళు గోల్కొండ పేరు మీద లోకమంతా తిరిగాయి. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. ఇంత చరిత్ర ఉన్నా, ఎత్తు కట్టు ఉంగరం దూరంగా ఉన్న కళ్ళ కోసం పుట్టింది. వీణ వాయించే చేతికి అది అడ్డం. చూపుడువేలూ మధ్యవేలూ పై నాలుగు తీగల్నీ మీటుతుంటే, చిటికెన వేలు పక్కనున్న మూడు తాళం తీగల్నీ చూసుకుంటుంది. ఆ రెంటి మధ్యా ఉంగరపు వేలు ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది కానీ క్షణం కదలకుండా ఉండదు. అక్కడ పైకి లేచిన ఏ అంచైనా ఎప్పుడో ఒకప్పుడు తీగకు తగులుతుంది.

అందుకని ఈ ఉంగరం వేలిని అంటిపెట్టుకుని పల్లంగా ఉండాలి. పక్క అంచులు ఒరుసుకోకూడదు. రాయి బంగారంలోకి దిగి కూర్చోవాలి.

ఆచారిగారు దాన్ని ముందు మైనంలో చెక్కారు. నేను ముగ్ధురాలినైపోయింది ఈ ఘట్టానికి. కోడిగుడ్డు పెంకంత బరువైనా లేని ఆకుపచ్చ మైనపు చుట్టును ఆయన ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, సన్నని ఉలితో పొరలు పొరలుగా గీకారు. ఒక్కో పొర గీకాక దాన్ని తన చిటికెన వేలికి తొడిగి, కళ్ళు మూసుకుని, పక్క వేళ్ళతో ఒరిపి చూసుకున్నారు. ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ ఇంకో పొర. కన్ను కాదు, చర్మం చెబుతోంది ఎక్కడ ఆపాలో. ఆ మైనం చుట్టూ పిండి పోసి గట్టిపడ్డాక కొలిమిలో పెడితే మైనం కరిగి పోతుంది, ఖాళీ మిగులుతుంది, బంగారం ఆ ఖాళీలోకి వస్తుంది. దేవుడి పంచలోహ విగ్రహాలు పుట్టేది కూడా ఈ సూత్రం మీదే. 22 క్యారెట్ల బంగారం మైనానికి పదిహేడు పద్దెనిమిది రెట్లు తూగుతుంది గనక, మైనం తూచి ఎంత బంగారం పడుతుందో ఆయన కాగితం మీద రాసి ఇచ్చారు. వీణ మీది 24 మెట్లనూ నిలబెట్టేది కూడా బొగ్గుపొడి కలిపిన నల్ల మైనమే. శ్రుతి సరిగ్గా రావాలంటే మెట్టును ఆ మైనంలో వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతారు. ఆమె వాద్యమూ ఆమె ఉంగరమూ ఒకే మెత్తని పదార్థంలో కొలత కుదుర్చుకున్నాయన్న ఆలోచన వచ్చి నాకు ఒళ్ళు పులకరించింది. మావాడికి ఆ సంగతి ముందే తెలుసో లేదో నేను అడగలేదు.

ఇంట్లో 22 క్యారెట్లకు తక్కువ ఒప్పుకోమన్నారు. అంత మెత్తని బంగారంలో గోళ్ళు నిలవవు, తగిలినప్పుడల్లా విచ్చుకుంటాయి. రాళ్ళ ఉంగరాలకు 18 క్యారెట్లు వాడేది అందుకే. ఇక్కడ గోళ్ళే లేవు. రాయి చుట్టూ పలచని బంగారు గోడ నిలబెట్టి, దాని అంచును రాయి మీదికి కొంచెం కొంచెంగా ఒత్తుతారు. మెత్తని బంగారం ఆ ఒత్తిడికి చక్కగా లొంగి, మళ్ళీ వెనక్కి లేవదు. చేతి కోసం ఎంచుకున్న రూపం పెద్దవాళ్ళ పట్టింపును కూడా నెగ్గించింది. మంచి శిల్పంలో ఒక నిర్ణయం ఇంకో నాలుగింటిని తనంతట తానే సర్దుతుంది.

రాయి విషయంలో అమ్మాయి తల్లి మనసు పచ్చ మీద ఉందని చెల్లెలు చెప్పింది. పచ్చలో పుట్టుకతోనే సన్నని పగుళ్ళుంటాయి, వాటిని కప్పడానికి నూనె పట్టిస్తారు, రోజూ వాడే చేతికి అది సుకుమారం. చివరికి కెంపు. కాఠిన్యంలో తొమ్మిది, వజ్రం తర్వాతి మెట్టు. ముఖాలేవీ చెక్కకుండా, బొటనవేలు జారిపోయేంత నునుపుగా తీర్చిన చిన్న బొడిపె. ముఖాలు చెక్కిన రాయి వెలుగును విసురుతుంది, ఇది లోపల నింపుకుంటుంది. కెంపుకు ఎరుపునిచ్చేది రవంత క్రోమియం. ఎండ తగిలితే అదే క్రోమియం కొంత వెలుగును మింగి మళ్ళీ ఎర్రగానే వదులుతుంది. అందుకే మంచి కెంపును ఆరుబయట చూస్తే, దాని ఎరుపు పైన పడ్డ కాంతిది కాదు, దాని సొంతం అనిపిస్తుంది. ఆచారిగారు చూపిన రెండు రాళ్ళలో ఒకటి నిర్మలం, రెండోదాని లోపల పట్టుదారాల వంటి సన్నని పోగులున్నాయి. భూతద్దంలో అవి ఒకదాన్నొకటి దాటుతూ కనిపించాయి. వాటివల్ల ఎరుపు కాస్త మెత్తబడింది. ధర తక్కువైన ఆ రెండోదాన్నే మావాడు తీసుకున్నాడు. నేనైనా అదే తీసుకునేదాన్ని. మొదటిది తాను బాగున్నానని తెలిసినట్టుగా ఉంది.

ఇక లోపలి వైపు. ఇంగ్లండులో పదిహేనో శతాబ్దం నుంచీ ప్రేమమాటలు చెక్కిన ఉంగరాలు వాడుకలో ఉన్నాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అలాంటివి ఉన్నాయి. మొదట్లో అక్షరాలు పైకి కనిపించేలా చెక్కేవారు, తర్వాత్తర్వాత లోపలికి తిప్పారు. మాట లోకం కళ్ళ ముందు నుంచి తొలగి వేలి చర్మానికి ఆనుకుంది. ప్రేమ గురించి అంత సున్నితమైన విమర్శ నేను పుస్తకాల్లో కూడా తక్కువగా చూశాను. ఆచారిగారు మామూలుగా అడిగేదే అడిగారు. “పేరు వెయ్యమంటారా బాబూ? తేదీ?” మావాడు వద్దన్నాడు. గీతలు కావాలన్నాడు. నాలుగు గీతలు సమానమైన ఎడంతో, తర్వాత కొంచెం జాగా, తర్వాత మూడు గీతలు దగ్గరదగ్గరగా.

అంతే. వాద్యం బొమ్మ వెయ్యకుండా, వీణ పేరెత్తకుండా, ఏడు తీగల అమరిక. చూసినవాళ్ళెవరికైనా అవి ఉత్త గీతలు. మెత్తని బంగారం అరుగుతుందని ఆచారిగారు కొంచెం లోతుగానే కోశారు. వాటి పక్కనే చట్టం కోరిన గుర్తులూ పడ్డాయి: బీఐఎస్ ముద్ర, 22కె916, ఆరక్షరాల హెచ్‌యూఐడీ. అవి అక్కడ ఉండటం నాకు బాగానే అనిపించింది. బంగారానికి ప్రభుత్వం సాక్షి, తీగలకు అతను సాక్షి.

నిశ్చితార్థం రోజు ఫొటోగ్రాఫర్ “మేడమ్, చెయ్యి కాస్త పైకి” అంటూనే ఉన్నాడు. ఆ అమ్మాయి చెయ్యి ఎత్తలేదు. ముందు పిడికిలి బిగించి వదిలింది. బొటనవేలితో కెంపు మీద ఒకసారి రాసింది, అంచు దొరకలేదు. తర్వాత పట్టుచీర కుచ్చెళ్ళ మీద చెయ్యి పెట్టి చిటికెన వేలిని రెండుసార్లు పైకి మీటింది, తాళం వేసినట్టు. దేనికీ ఏదీ తగల్లేదు. అప్పుడు తలెత్తి అతని వంక చూసింది. అలంకారశాస్త్రంలో అనుభావాల గురించి చదివినదంతా నాకు ఆ చూపులో కనిపించింది. గీతల సంగతి అప్పటికి ఆమెకు తెలియదు. రాత్రి చేతులు కడుక్కోవడానికి ఉంగరం తీసినప్పుడు చూసి, చెల్లెల్ని లేపి, “ఈ మూడూ ఎందుకు దగ్గరగా ఉన్నాయో తెలుసా?” అని అడిగిందట. చెల్లెలు తెలియదనే చెప్పింది.

ఒక్క విషయంలో మాత్రం నాకు ఆచారిగారితో పేచీ ఉంది. మెరుగు మరీ ఎక్కువ పెట్టారు. అంత నెమ్మదైన రాయి పక్కన బంగారం అద్దంలా మెరవడం నా కంటికి కొంచెం గట్టిగా తగిలింది. మళ్ళీ కలిసినప్పుడు ఆ మాటే చెప్పాను. ఆయన కొలిమి ఊదడం ఆపి, “వాయించే చెయ్యి కదమ్మా, ఆరు నెలల్లో అదే దిగుతుంది. ఇప్పుడే దించితే తర్వాత మరీ మసకేస్తుంది” అన్నారు.