ఇంగ్లీషు ప్రయోగశాలలో లోపించినది

బందరుకూ ఇంగ్లీషుకూ పరిచయం ఈనాటిది కాదు. 1611లో తూర్పు ఇండియా కంపెనీవారి గ్లోబ్ అనే ఓడ ఈ తీరానికి వచ్చిన నాటినుంచి మచిలీపట్నం వారి వర్తకస్థానమయింది. అప్పటి రేవుపట్టణాలలో దొరకూ నేతగానికీ మధ్య దుబాషీ అనే ఉద్యోగి ఒకడుండేవాడు. దుబాషీ అంటే రెండు భాషలవాడు. అయితే రెండు భాషలు వచ్చినంత మాత్రాన అతని పని జరిగేది కాదు. గుడ్డ పన్నా ఎంత, నూలు సన్నమా ముతకా, ఏ అద్దకం ఉతుక్కు నిలుస్తుంది, ఏది వెలుస్తుంది అన్న సంగతులు తెలిస్తేనే అతని మాటకు విలువ. సరుకు తెలియని దుబాషీని ఇటు నేతగాడూ నమ్మడు, అటు దొరా నమ్మడు.

మన ఇంజనీరింగు కళాశాలలలోని ఇంగ్లీషు ప్రయోగశాలలను చూసినప్పుడల్లా నాకు ఈ దుబాషీ జ్ఞాపకం వస్తాడు. మచిలీపట్నం, గుడివాడ, గుడ్లవల్లేరులలో ఇంజనీరింగు కళాశాలలున్నాయి. దివిసీమ పల్లెలనుంచి పిల్లలు పొద్దున్నే బస్సులెక్కి వీటికి వస్తారు. కాకినాడ జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం 2023–24లో ప్రవేశపెట్టిన పాఠ్యప్రణాళికలో మొదటి సంవత్సరపు విద్యార్థికి ఇంగ్లీషు పాఠంతోపాటు ప్రయోగశాల కూడా ఉన్నది. అందులోని అంశాలు ఇవి: అచ్చులు, హల్లులు, ఊనిక నియమాలు, ఒక నిమిషం ప్రసంగం, పాత్రలు ధరించి సంభాషించడం, ఈ మెయిల్ రాయడం, ఉద్యోగానికి స్వవివరపత్రం, బృందచర్చ, వాదవివాదం, తెరమీద బొమ్మలు చూపుతూ ఉపన్యాసం, చివరకు ఇంటర్వ్యూ.

ఒక్కొక్క అంశాన్ని విడిగా చూస్తే ఆక్షేపించవలసినదేమీ లేదు. మొత్తం మీద చూస్తే ఒకటి కొట్టవచ్చినట్లు కనబడుతుంది. ఈ పట్టికలో ఎక్కువ భాగం విద్యార్థి తన్ను గురించి తాను చెప్పుకొనడానికి, లేదా ఎవరో ఇచ్చిన విషయం మీద ఏదో ఒకటి మాట్లాడడానికి ఉద్దేశించినది. ఒక వస్తువును, ఒక యంత్రాన్ని, ఒక ప్రక్రియను తెలియనివానికి తెలిసేటట్లు వివరించడం అనే పనికి పట్టికలో ప్రత్యేకమైన చోటు లేదు. ఇంజనీరు జీవితమంతా చేయవలసింది మాత్రం ఆ పనే.

ఈ మధ్య ఒక కళాశాలలో మొదటి సంవత్సరపు విద్యార్థులతో ఒక పూట గడిపాను. పదిహేనుమంది వరుసగా లేచి తమ్ము తాము పరిచయం చేసుకున్నారు. అందరూ కష్టపడి పనిచేసేవారే. అందరికీ సానుకూల దృక్పథమే. ఒక్కరి బలహీనత కూడా బలహీనతలా లేదు. ఊరిపేర్లు తీసివేస్తే ఎవరు ఎవరో చెప్పలేము! నాగాయలంకవైపునుంచి వచ్చిన ఒక కుర్రవాణ్ణి ఆపి, "మీ ఊరి రొయ్యల చెరువుల్లో తెల్లవారుజామున ఏరేటర్లు ఎందుకు తిప్పుతారు?" అని ఇంగ్లీషులో అడిగాను. ఆక్సిజన్ అన్నాడు, రొయ్య అన్నాడు, ఆగిపోయాడు. తెలుగులో చెప్పమన్నాను.

"రాత్రిపూట నాచు కూడా గాలి పీల్చుకుంటదండీ. ఎండ ఉంటేనే అది గాలి వదిలేది. తెల్లారేసరికి నీళ్ళలో గాలి అయిపోద్ది. అప్పుడు రొయ్య పైకి తేలుద్దండీ" అన్నాడు.

కిరణజన్య సంయోగక్రియకూ శ్వాసక్రియకూ గల భేదం నాలుగు వాక్యాలలో చెప్పాడు. పాఠ్యపుస్తకాలలో ఇంత తేటగా చెప్పినవి అరుదు. అంతవరకు సంతోషమే. అప్పుడు తరువాతి ప్రశ్న వేశాను: లీటరు నీటిలో ఎంత ఆక్సిజన్ ఉంటే చాలు, దాన్ని దేనితో కొలుస్తారు, ఒక ఎకరానికి ఎన్ని గుర్రపుబలాల ఏరేటరు కావాలి? ఈసారి తెలుగులో కూడా ఆగిపోయాడు. "మా నాన్నను అడగాలండీ" అన్నాడు.

ఇక్కడే అసలు సంగతి ఉన్నదని నా అభిప్రాయం. ఇంగ్లీషులో మొదటిసారి మాట ఆగిపోయినప్పుడు అది భాషాలోపం. తెలుగులో రెండోసారి ఆగిపోయినప్పుడు అది భాషాలోపం కాదు. రొయ్యల చెరువుకు లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఆక్సిజన్ ఉండాలన్న అంకె, దాన్ని కొలిచే మీటరు సంగతి అతనికి తెలిసి ఉంటే, పడుతూ లేస్తూనైనా ఇంగ్లీషులో చెప్పడానికి అతనికి ఒక సరుకు ఉండేది. ఈ రెండు లోపాలనూ ఒకే జబ్బుగా భావించి, రెంటికీ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించడమే మందనుకుంటున్నాము. ఆ కుర్రవాడు మరునాడు అంకెలు కనుక్కొని వచ్చాడు. ముందు తెలుగులో ఆరు వాక్యాలు రాయించి, వాటిని ఇంగ్లీషులోకి మార్చమన్నాను. అరగంట పట్టింది. క్రియాపదాలు రెండుచోట్ల తప్పాయి. కాని గదిలో ఉన్నవారంతా విన్నారు. ముందటిరోజు స్వపరిచయాలను ఎవరూ వినలేదు.

ఉచ్చారణ విషయం కొంచెం విడిగా చెప్పవలసి ఉన్నది. ప్రయోగశాల గంటలు చాలావరకు దీనికే పోతాయి. భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు ఎంతవరకు అర్థమవుతుందో ఆర్. కె. బన్సాల్ పరిశోధించారు; దాన్ని హైదరాబాదులోని కేంద్రీయ ఆంగ్లసంస్థ 1969లో ప్రచురించింది. పదంలో ఊనిక తప్పుచోట పడడం, వాక్యపు లయ మారిపోవడం ఆయన చూపిన ముఖ్యకారణాలలోనివి. ఆయన శ్రోతలలో ఇంగ్లీషువారు ఉన్నారు. 2000లో జెన్నిఫర్ జెంకిన్స్ ప్రచురించిన గ్రంథం మరొక ప్రశ్న వేసింది: మాట్లాడేవానికీ వినేవానికీ ఇద్దరికీ ఇంగ్లీషు పరాయిభాషే అయినప్పుడు మాట? అప్పుడు హ్రస్వదీర్ఘాల భేదం, పదాదిలోని సంయుక్తాక్షరాలు, వాక్యంలో ముఖ్యమైన పదంమీద ఊనిక చెడకుండా ఉంటే చాలుననీ, నాలుకను పళ్ళ మధ్య పెట్టి పలికే ధ్వనికోసం అంత శ్రమ అక్కరలేదనీ ఆమె వాదం.

మన కుర్రవాడు రేపు పూనాలోనో, కొరియాలోనో, జర్మనీలోనో పనిచేసేవారితో మాట్లాడతాడు. అందుచేత ఈ వాదం మనకు పట్టించుకోదగినది. ఇందులో మనకొక సౌకర్యం కూడా ఉన్నది. హ్రస్వదీర్ఘాలు తెలుగువానికి ఉగ్గుపాలతో వచ్చినవి. "ఫిల్", "ఫీల్" అన్న తేడా అతనికి కొత్తగా నేర్పనక్కరలేదు. ఊనిక మాత్రం నేర్పాలి. ఫోటోగ్రాఫ్ అన్నప్పుడు మొదటి అక్షరంమీద, ఫొటాగ్రఫీ అన్నప్పుడు రెండవదానిమీద, ఫోటోగ్రాఫిక్ అన్నప్పుడు మూడవదానిమీద బరువు పడుతుంది. గురులఘువులు గుర్తించి గణవిభజన చేసిన పిల్లవాడికి అక్షరం బరువు అంటే ఏమిటో ఇదివరకే తెలుసు. ఇంగ్లీషు ఊనిక గురువు వంటిది కాదు, నిజమే. కాని ఆ తెలివిడిని వాడుకొని తేడా చెప్పే బోధన నాకెక్కడా కనబడలేదు. తెలుగు తరగతి తలుపు మూసి ఇంగ్లీషు ప్రయోగశాల తలుపు తీయాలన్న నియమం ఎవరు పెట్టారో!

ఇందుకు ఎదురువాదం ఉన్నది. కంపెనీలవారు అడిగేది స్వపరిచయమూ బృందచర్చే. వాటిలో తప్పినవాడికి రొయ్యల చెరువు వివరణ ఏమి ఒరగబెడుతుందని. అరెకరం అమ్మి ఫీజు కట్టిన తండ్రి ఈ మాటంటే నేను తోసిపుచ్చలేను. అధ్యాపకులనూ తప్పుపట్టలేను. సాహిత్యం చదువుకొని వచ్చినవారికి అరవైమందిని అప్పగించి, చెరువులూ మోటార్లూ కూడా మీరే చెప్పండనడం అన్యాయం. ఆ గంటలో సివిల్ విభాగంనుంచో, ఎలక్ట్రికల్ విభాగంనుంచో ఒకరు పక్కన కూర్చోవాలి. ఇంగ్లీషు మాట్లాడినంతసేపు ఇంగ్లీషాయన, లెక్క తప్పినప్పుడు ఈయన. ప్రణాళికలో ఇటువంటి ఏర్పాటు ఊహించినట్లు లేదు. 2021–22నుంచి బి.టెక్. ను తెలుగులో చెప్పడానికి అనుమతి వచ్చింది. అది మంచిదే గాని, తెలుగులో చదివినవానికి కూడా ఈ రెండుభాషల పని తప్పదు.

ఎందుకంటే ఇంజనీరు మాట పైవానికే కాదు, కిందివానికీ చేరాలి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినదాన్ని ఇంగ్లీషువారు స్టార్మ్ సర్జ్ అంటారు. మనవారికి అది ఉప్పెన. 1864లో బందరును ముంచినదీ అదే. 1977లో చనిపోయినవారు పదివేలకు తగ్గరు. ఇప్పుడు మచిలీపట్నంలో డాప్లర్ రాడార్ ఉన్నది. హెచ్చరిక ముందే వస్తుంది. వచ్చినప్పుడు ఎట్లా ఉంటుంది? ఖగోళసంబంధమైన ఆటుపోటు మట్టంమీద ఇన్ని మీటర్ల ఎత్తున అలలు లేస్తాయని. శాస్త్రీయంగా అది సరైన మాట. అమావాస్య పోటుకూ అష్టమి పోటుకూ తేడా ఉన్నది కనుక ఏ మట్టంమీదనో చెప్పక తప్పదు. కాని కోడూరులో వల బాగుచేసుకుంటున్న మనిషి అడిగేది వేరు. నీళ్ళు కరకట్ట దాటుతాయా, మా గుమ్మం దాకా వస్తాయా, పడవ ఎక్కడ కట్టాలి? ఆ మీటరును ఈ గుమ్మానికి మార్చి చెప్పగలవాడు కావాలి. బృందచర్చలలో నెగ్గిన విద్యార్థికి ఈ పని ఎవరూ ఎన్నడూ చూపలేదు. లాకుల దగ్గర లస్కరుకు గేటు ఎన్ని అడుగులు ఎత్తాలో చెప్పడమూ, అదే సంగతి పై అధికారికి ఇంగ్లీషులో రాయడమూ ఒకే విద్యకు రెండు ముఖాలు.

మచిలీపట్నంలో ఈ విద్యకు పూర్వాచారం లేకపోలేదు. 1910లో ఇక్కడ వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల చదువుతోపాటు చేతిపనినీ నేర్పింది. 1926లో మొదలైన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ శాస్త్రపరికరాలు తయారుచేసింది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. ఇంగ్లీషు పుస్తకాలలోని శాస్త్రం తెలుగు మాట్లాడే పనివాని చేతిలో పరికరంగా మారాలంటే, మధ్య ఎవరో ఒకరు రెండు భాషలలోనూ సరుకు తెలిసి మాట్లాడి ఉండాలి.

రాబోయే ప్రణాళికలో వాచాపరీక్షకు కనీసం ఒక ప్రశ్న మార్చి చూడవచ్చు. పులిగడ్డ అక్విడక్టు మీద కాలువ నీరు కృష్ణపాయను దాటి దివిసీమకు పోతుంది. నది కింద, కాలువ పైన. అవనిగడ్డనుంచి వచ్చే విద్యార్థులు దాని పక్కనుంచే రోజూ ప్రయాణం చేస్తారు. కాలువను నదిలో కలపక పైనుంచి ఎందుకు దాటించారు, తొట్టెకు వాలు ఎంత ఉంటే నీరు నిలవకుండా పారుతుంది, వరదల్లో కింది స్తంభాలమీద ఏ ఒత్తిడి పడుతుంది: ఈ మూడు సంగతులూ మొదట ఆ ఊరి రైతుకు చెప్పినట్లు తెలుగులో, తరువాత ఎన్నడూ ఆ వంతెనను చూడని ఇంజనీరుకు చెప్పినట్లు ఇంగ్లీషులో, అయిదేసి నిమిషాలలో చెప్పమనాలి. పరీక్షకులు ఇద్దరుండాలి. వారిలో ఒకరికి తెలుగు బొత్తిగా రాకపోతే మరీ మంచిది.