ధవళేశ్వరం దగ్గర ఆగిన చేప, భద్రాచలం దగ్గర ఆగిన కథ

పోయిన వానాకాలం సియాటెల్ నుంచి మా బావ ఒక వీడియో పంపాడు. ఒక్క మనిషి మాత్రమే పట్టే సన్నటి పడవ, కయాక్. అందులో కాళ్లు చాపుకుని, తెడ్డు ఒళ్లో పెట్టుకుని, ప్యూజెట్ సౌండ్ ఒడ్డు వెంట గాలం వేస్తున్నాడు. చాలాసేపటికి ఒక చేప పడింది. ఒళ్లంతా చుక్కలు, దవడ కింద ఎర్రటి చార. కట్‌త్రోట్ ట్రౌట్ అట. ఏట్లో పుట్టి, ఉప్పునీళ్లకి పోయి, గుడ్లు పెట్టడానికి మళ్లీ ఏటికి వచ్చే రకం. నీళ్లలో ఉంచే గాలం ఊడదీసి దాన్ని వదిలేశాడు.

"అంత కష్టపడి పట్టి వదిలేసుడేంది బావా?" అని అడిగాను.

"ఇక్కడ రూలే అంత. సముద్రంల ఈ చేప పడితే వదిలెయ్యాల్సిందే" అన్నాడు. కాసేపాగి, "మన దిక్కు గూడ ఇట్లాంటిది ఉంటది గదా, సముద్రంలకెళ్లి ఏట్లకి వచ్చేది? మనమెప్పుడన్న చూసినమా?" అన్నాడు.

ఉంది. పులస. కానీ చూడలేదు. మా ఇద్దరిదీ పినపాక. గోదారి పక్కనే పెరిగాం. బొచ్చెలు చూశాం, వాలుగలు చూశాం, జెల్లల ముల్లు గుచ్చుకుని ఏడ్చాం. పులసని మాత్రం నేను మొదట చూసింది పేపర్లో, యానాం వేలంపాట వార్త పక్కన ఫోటోలో. ఒకే నది. అదే నీళ్లు మా ఊరి మీంచే అక్కడికి పోతాయి. అయినా ఆ చేప మాకు పరాయిది. ఎందుకు అనే ప్రశ్న పట్టుకుని ముందు నదిని కాదు, పుస్తకాల్ని వెతికాను. అలవాటు అలాంటిది. వెతికాక అర్థమైంది, రెండు చోట్లా జవాబు దాదాపు ఒకటేనని.

మన రాతల్లో పులస ఎప్పుడూ వండిన తర్వాతే కనిపిస్తుంది. మట్టి దాక, బెండకాయలు, ఆవకాయ నూనె, మర్నాటికి ఊరిన పులుసు. ఆగస్టు వస్తే చాలు, పేపర్ల ఆదివారం సంచికల నుంచి ఫేస్‌బుక్ దాకా ఇదే వరస. ఆ వరసకి పునాది అందరికీ తెలిసిన సామెత: పుస్తెలమ్మి అయినా పులస తినాలి. దీన్ని మనం నవ్వుతూ చెప్పుకుంటాం గానీ ఒక్కసారి విమర్శకుడి కళ్లతో చదవండి. క్రియ 'తినాలి'. పట్టడం లేదు, ఎదురుచూడటం లేదు. పుస్తెలు అమ్మేది చేపని కొనే ఇల్లు. చేపని అమ్మే ఇంట్లో కూడా ఒకావిడ ఉంటుంది కదా, వరదలో పడవ మీద పోయినవాడు తిరిగొచ్చేదాకా ఆవిడ చెయ్యి మెళ్లో పుస్తెల మీదే ఉంటుంది కదా. ఆవిడకి సామెతలో చోటు లేదు. ఒక్క వాక్యంలో మన పులస సాహిత్యం మొత్తం ఇమిడిపోయింది.

విచిత్రం ఏమిటంటే, భాషకి ఈ చేప ప్రయాణం తెలుసు. సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని విలస అంటారు. గోదారి ఎర్రనీటికి ఎదురీదాకే పులస. నీళ్లు మారితే పేరు మారిపోయే చేప! ఆ పేరు పెట్టింది తిన్నవాళ్లు కాదు. వలలో దాన్ని చూసి, ఏ నీళ్లలో ఎన్నాళ్లుందో పోల్చుకోగలిగినవాళ్లు. వాళ్ల చూపు మాటలోకి వచ్చింది గానీ కథలోకి రాలేదు.

వంశీ 'మా పసలపూడి కథలు' నాకు ఇష్టమైన పుస్తకాల్లో ఒకటి. స్వాతిలో బాపు బొమ్మలతో వచ్చినప్పుడు ఆ తిండి వర్ణనలకే ఎదురుచూసేవాళ్లని చాలామందిని చూశాను. ఆయన తప్పు చేశాడని అనను. డెల్టా మనిషి డెల్టా భోజనాన్ని ప్రేమగా రాశాడు. నా ఫిర్యాదు ఆ తర్వాత వచ్చినవాళ్ల మీద. గోదారి అంటే రుచి, యాస, గట్టు మీద కబుర్లు అనే మూసని ఖాయం చేసేసినవాళ్ల మీద. సినిమాలదీ అదే దారి. 'అందాల రాముడు' 1973లో వచ్చింది, 'గోదావరి' 2006లో. రెండింటిలోనూ గోదారి మీద భద్రాచలం ప్రయాణం. జనం పడవ మీంచి ఒడ్డుని చూస్తారు, పాటలు పాడుకుంటారు. ఆ ప్రయాణం రాముడి గుడి దగ్గర ఆగిపోతుంది. మా ఊరు దానికి ఎగువన ఉంది. తెలుగు ఊహలో గోదారి భద్రాచలంతో అయిపోతుంది, ఆ పైన ఉన్నదంతా అడవి కింద లెక్క.

ఇదంతా ఓ కోనసీమ స్నేహితుడితో అంటే, "మీకు దొరకదు కాబట్టి నీకు కుళ్లు" అని నవ్వాడు. కొంచెం నిజమే కావచ్చు. అందుకే పక్క భాషలో చూశాను.

మాణిక్ బందోపాధ్యాయ 1936లో 'పద్మా నదీర్ మాఝీ' రాశాడు. బెంగాలీలు ఇలిశ్ అనేదీ మన పులసా ఒకే జాతి చేప. బెంగాలీ వాళ్లకి దాని మీద ఉన్న తిండి పిచ్చి మనకంటే తక్కువేం కాదు. కానీ ఆ నవల మొదలయ్యేది వంటింట్లో కాదు, వానాకాలపు నది మీద, రాత్రి వేటలో. కుబేర్ అనే జాలరి. పేరు ధనాధిపతిది, బతుకు పేదది. పడవా వలా వేరేవాడివి. పడ్డ చేపలో పెద్ద వాటా కూడా ఆ వేరేవాడిదే. రాత్రంతా పట్టిన చేప తెల్లారేసరికి కుబేర్ చెయ్యి దాటి పోతుంది. చదువుతున్నంతసేపూ నాకు ఇలిశ్ రుచి గుర్తు రాలేదు, లెక్కలు గుర్తొచ్చాయి. ఎవరికెంత, ఎప్పుడిస్తాడు, ఇంటికేం మిగిలింది. ఈ లెక్క లేకుండా చేప గురించి రాయడం అంటే సగమే రాయడం.

మా బావ లాంటివాళ్ల చేపలవేటకి ఇంకో సంప్రదాయం ఉంది. హెమింగ్వే ముసలి సాంటియాగో, నార్మన్ మెక్లీన్ 1976లో రాసిన మోంటానా నది. మనిషి ఒక్కడే నీళ్ల ముందు నిలబడటం, చేప సాకుగా తనని తాను తెలుసుకోవడం. అందమైన సంప్రదాయమే. మన యువ రచయితలు ఇప్పుడు దాన్నే అనుకరించబోతారేమో అని నా భయం. వారాంతం కయాక్, పొగమంచు, ఏకాంతం. కానీ మా ఏట్లో తెల్లవారుజామున నాటు పడవలో ఒంటరిగా కనిపించే మనిషి ఏకాంతం వెతుక్కుంటూ వచ్చినవాడు కాదు. రెండో మనిషిని పెట్టుకుంటే వాటా ఇవ్వాలి కాబట్టి ఒక్కడే వచ్చాడు.

ఇక నది దగ్గరికి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర విగ్రహం లేని ఊరు డెల్టాలో అరుదు, అందులో అన్యాయమేమీ లేదు. ఆ గోడ లక్షల మందికి అన్నం పెట్టింది. కానీ గుడ్లు పెట్టడానికి ఎగువకి పోవాల్సిన చేపకి అదే గోడ అడ్డం. ఇది ఇవాళ కనిపెట్టిన సంగతి కాదు. ఫ్రాన్సిస్ డే 1873లోనే ప్రభుత్వానికిచ్చిన నివేదికలో ఆనకట్టలు వలస చేపల దారి మూసేస్తున్నాయని రాశాడు. గంగ మీద కూడా అంతే. 1975లో ఫరక్కా బ్యారేజి వచ్చాక, ఒకప్పుడు అలహాబాద్ దాకా పోయిన ఇలిశ్ అక్కడి వాళ్లకి పాత జ్ఞాపకం అయిపోయింది.

సముద్రం నుంచి ధవళేశ్వరం దాకా ఉన్న ఆ కాస్త నదే పులసకి పేరుమోసిన చోటు. ఎందుకంటే అది ఆ పైకి పోలేదు. గోడ దాకా ఎదురీది, దాని కింద తచ్చాడి, వలలో పడుతుంది. మనం పొగిడే ఆ రుచిలో సగం ఆగిపోయిన ప్రయాణానిది. గుడ్లు పెట్టకముందే, కడుపుతో ఉన్నప్పుడే పట్టేసే చేప ఏటేటా తగ్గిపోకుండా ఎలా ఉంటుంది? తగ్గినకొద్దీ ధర పెరుగుతుంది, ధర పెరిగినకొద్దీ వ్యాసాలు పెరుగుతాయి. ఏ వ్యాసంలోనూ గోడ ఉండదు.

పోలవరం స్పిల్‌వేలో పులస లాంటి చేపలు ఎక్కిపోవడానికి ఒక నిచ్చెన పెట్టారు. అది ఎంత పనిచేస్తుందన్నది వేరే చర్చ. కింద ధవళేశ్వరం దాటితే కదా పోలవరం. నన్ను ఆపింది మాత్రం ఇంకో విషయం. చేపకి ఎగువన ఒక ఊరుందని ఇంజనీర్లకి తట్టింది, రచయితలకి ఇంకా తట్టలేదు.

మా బావ ఉండే రాష్ట్రంలోనే ఎల్వా అనే నది మీద రెండు డ్యాములు 2011 నుంచి 2014 లోపు పగలగొట్టారు. సుమారు వందేళ్ల తర్వాత సాల్మన్ చేపలు పైకి వచ్చాయి. మన దగ్గర అది కుదరదు, కుదరాలని కూడా అనను. డెల్టా పొలాలకి నీళ్లు కావాలి. కానీ కథకి ఆ ఇబ్బంది లేదు. కథ గోడ దాటి రావచ్చు.

అది వస్తే దాంట్లో పులుసు ఉండనక్కర్లేదు. పులస కూడా ఉండనక్కర్లేదు. ఇటు మణుగూరు కరెంటు ప్లాంటు పొగ, అటు ఏటూరునాగారం అడవి, మధ్యలో వరద తీసిన గోదారి మీద వల విప్పుతున్న ఒక మనిషి చాలు.

మొన్న ఊరెళ్లినప్పుడు అలాంటి ఒక పెద్దాయన్ని రేవులో అడిగాను. "పెద్దయ్యా, ఇక్కడ పులస పడ్డదా ఎప్పుడన్న?"

ఆయన వల చిక్కు తీస్తూ తలెత్తకుండానే అన్నాడు. "అది కింది చేప గదా కొడకా. టీవీల చూసినం."